విలన్ అనుకున్న మనిషి నాటక రచయిత: గొల్లపూడి మారుతీరావు

ఈరోజు ఒక ముఖంతో మొదలుపెడదాం. 2015లో వచ్చిన ‘కంచె’ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు, వరుణ్ తేజ్‌ది. అందులో ఒక పెద్దాయన కనిపిస్తారు. ఒకసారి ఫోన్‌లో ఆ సినిమా పెట్టి ఆయన వచ్చినప్పుడు ఆపి, మీ అమ్మకో నాన్నకో చూపించండి. ‘ఓ, ఈయనా! చిరంజీవి సినిమాలో విలన్’ అంటారు. అదే ఫోన్ తీసుకెళ్లి తాతయ్యకి చూపిస్తే, కొంచెం ఆలోచించి ‘రేడియోలో పనిచేసేవారు కదా’ అనొచ్చు. ముగ్గురూ చెప్పింది నిజమే. కానీ వీటన్నిటికంటే ముందు ఆ మనిషి చేసిన పని ఇంకొకటి ఉంది. నాటకాలు రాయడం, ఆడించడం, ఆడడం. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఆయన పేరు గొల్లపూడి మారుతీరావు. 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టారు. మనం రాజాంలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం కాబట్టి చిన్న సరదా మాట: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అంటే ఇప్పుడు లెక్కప్రకారం ఆయన మన జిల్లా మనిషే. అప్పటిదాకా నాటకాల్లో, బుర్రకథల్లో మన ఊరి పేరు వినపడేది ఒక్క తాండ్ర పాపారాయుడి వల్లే కదా. 1757లో బొబ్బిలి కోట పడిపోతున్నప్పుడు ఆయన రాజాంలో ఉన్నాడని కథలో వస్తుంది, అక్కడ మన ఊరి పేరు వినగానే జనం చప్పట్లు కొడతారు. సరే, అది వేరే ఎపిసోడ్.

విజయనగరంలో పుట్టడానికీ నాటకానికీ సంబంధం ఏమిటి అంటారా? ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి స్టేజీ ఎక్కింది ఆ ఊళ్లోనే, 1892లో. పుస్తకంగా వచ్చింది 1897లో. అంటే అచ్చు కంటే ముందు ఆట. మామూలు మనుషులు మాట్లాడుకునే తెలుగుతో నాటకం మొత్తం నడపొచ్చు అని ఈ ప్రాంతం వాళ్లు కళ్లతో చూశారు. గొల్లపూడి పెరిగింది, చదివింది మాత్రం విశాఖపట్నంలో. ఏవీఎన్ కాలేజీ, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ. చదివిన సబ్జెక్టు వింటే నవ్వొస్తుంది, మేథమెటికల్ ఫిజిక్స్ ఆనర్స్.

మొదటి కథ ‘ఆశాజీవి’ 1954లో అచ్చయింది, ప్రొద్దుటూరు నుంచి వచ్చే ‘రేనాడు’ అనే పత్రికలో. అప్పటికి వయసు 15. ఈ వయసులో మనం రీల్స్ చేస్తాం, ఆయన కథ రాసి కవర్లో పెట్టి రాయలసీమకి పోస్ట్ చేశారు. దాదాపు అదే రోజుల్లో స్నేహితులతో కలిసి ఒక నాటక సమాజం కూడా పెట్టారు. దాని పేరు రాఘవ కళానికేతన్. బళ్లారి రాఘవ అనే మహానటుడి పేరు అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అప్పుడు తెలుగు నాటకం ఎలా ఉండేదో చెప్పాలి. లేకపోతే మిగతా కథ అర్థం కాదు.

అంతకుముందు తరంలో నాటకం అంటే పద్యం. హార్మోనియం పక్కన ఉంటుంది, నటుడు రాగం తీస్తాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు, చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోతుంది. రాత్రి మొదలైతే తెల్లారేదాకా. దీనికి పక్కన ఇంకో దారి మెల్లగా తెరుచుకుంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైంది. పరిషత్తు అంటే నాటకాల పోటీ అన్నమాట. ఒకరి తర్వాత ఒకరు ఆడాలి కాబట్టి టైమ్ తక్కువ, పాత్రలు తక్కువ, ఒకే సెట్. దాన్నుంచి నాటిక పెరిగింది. నాటిక అంటే గంటలోపు అయిపోయే చిన్న నాటకం. గంటలో రాజుల కథలు చెప్పలేరు కదా, అందుకని ఇంట్లో కథలు వచ్చాయి. ఆత్రేయ ‘ఎన్జీవో’ లాంటివి, జీతం చాలని గుమాస్తా, అప్పులు, నిరుద్యోగం. పద్యం పోయి మాట మిగిలింది. మాట బాగా రాయగలిగినవాడే రాజు అయ్యాడు.

గొల్లపూడి సరిగ్గా ఆ టైమ్‌కి యూనివర్సిటీలో ఉన్నారు. అప్పట్లో ఆంధ్రా యూనివర్సిటీ రిజిస్ట్రార్‌గా ఉన్న కె.వి. గోపాలస్వామి గారికి నాటకం అంటే ప్రాణం. రిజిస్ట్రార్ అంటే ఫైళ్లు, సంతకాలు అనుకుంటాం. ఈయన స్టూడెంట్స్‌ని కూర్చోబెట్టి రిహార్సల్ చేయించేవారు. 1958లో భమిడిపాటి రాధాకృష్ణ రాసిన ‘మనస్తత్వాలు’ నాటకాన్ని తీసుకుని ఢిల్లీ తల్కటోరా గార్డెన్స్‌లో అంతర విశ్వవిద్యాలయ ఉత్సవంలో ఆడారు. గొల్లపూడి అందులో ముఖ్యమైన పాత్ర. విశాఖ నుంచి ఢిల్లీ దాకా రైలెక్కి వెళ్లి, తెలుగు రాని జనం ముందు తెలుగు నాటకం ఆడడం. భాష తెలియని వాడికి కూడా నీ గొంతులో ఏదో అందాలి. అది అక్కడ నేర్చుకుని ఉంటారని నా అనుమానం.

చదువు అయ్యాక 1959లో ఆంధ్రప్రభ దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరారు. కొన్నాళ్లకి చిత్తూరు ఎడిషన్‌కి వెళ్లారు. 1962 అక్టోబర్‌లో చైనా యుద్ధం వచ్చింది. యుద్ధం వార్తలు రోజూ పేజీల్లో పెట్టే కుర్రాడు ఇంటికెళ్లి దాని మీదే నాటకం రాశారు, ‘వందేమాతరం’. చైనా యుద్ధం మీద తెలుగులో వచ్చిన మొదటి నాటకం అదే అంటారు. చిత్తూరు వైపు ఆడారు, వసూలైన డబ్బు ప్రధానమంత్రి రక్షణ నిధికి పంపారు. తర్వాత రాష్ట్ర సమాచార శాఖ దాన్ని పుస్తకంగా వేసింది.

నిజం చెప్పాలంటే ‘వందేమాతరం’ అప్పటికప్పుడు అవసరమైన నాటకం. ఆ వేడి తగ్గాక దాని పని కూడా అయిపోయింది. అది తప్పు కాదు. ఇప్పుడు ఒక సంఘటన జరిగితే మనం వెంటనే వీడియో పెడతాం కదా, అప్పుడు వెంటనే స్టేజీ ఎక్కించేవారు. రెండు నెలల తర్వాత ఆ వీడియో ఎవరు చూస్తారు?

తర్వాత ఆకాశవాణి. ఇదే ఆయన జీవితంలో పెద్ద భాగం. హైదరాబాద్, విజయవాడ, ఒడిశాలో సంబల్‌పూర్, చెన్నై, చివరికి కడప. దాదాపు రెండు దశాబ్దాలు చేసి, 1981లో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్‌గా ఉండగా ఉద్యోగం వదిలేశారు.

రేడియో నాటకం అంటే మీకు తెలియకపోవచ్చు, అందుకని చెప్తాను. స్టూడియోలో మైక్ చుట్టూ నలుగురు నిలబడతారు. చేతిలో స్క్రిప్టు కాగితాలు. కాగితం చప్పుడైతే అది కూడా రికార్డ్ అయిపోతుంది, అందుకని పేజీ తిప్పడం కూడా ఒక విద్యే. దూరం నుంచి వస్తున్నట్టు అనిపించాలంటే మైక్‌కి రెండడుగులు వెనక్కి జరిగి మాట్లాడుతూ దగ్గరికి రావాలి. తలుపు, గ్లాసు, చెప్పుల చప్పుడు, అన్నీ ఒక మూల కూర్చున్నవాడు చేతులతో చేస్తాడు. ముఖం లేదు, బట్టలు లేవు, లైటింగ్ లేదు. పాత్ర ఎలాంటిదో మొదటి వాక్యంలోనే గొంతుతో తెలిసిపోవాలి. పాత్ర తలుపు తీసుకుని లోపలికి వచ్చిందని ఎవరూ చూడరు కాబట్టి, వచ్చినట్టు ఎదుటివాడి మాటలోనే తెలియాలి, కానీ ‘అదిగో సుబ్బారావు వచ్చాడు’ అని అనౌన్స్ చేసినట్టు ఉండకూడదు. రాసేవాడికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. వినేవాళ్లందరూ ఆ అరగంట గుడ్డివాళ్లే.

ఇది మనసులో పెట్టుకోండి, ఇప్పుడు ‘కళ్ళు’ దగ్గరికి వస్తున్నాం.

‘కళ్ళు’ గొల్లపూడి రాసిన నాటిక. కథ చాలా చిన్నది. కొంతమంది గుడ్డి బిచ్చగాళ్లు కలిసి బతుకుతుంటారు. దొరికింది పంచుకుంటారు, తిట్టుకుంటారు, నవ్వుకుంటారు. ఒకడికి కళ్లు వచ్చే అవకాశం ఉందని తెలుస్తుంది. ఒక్కడికి కళ్లొస్తే అందరికీ వచ్చినట్టే కదా, వాడు మనందరినీ నడిపిస్తాడు కదా అని మిగతావాళ్ల ఆశ. తలా కొంచెం కూడబెడతారు. వాడికి చూపు వస్తుంది. చూపు వచ్చినవాడు మొదట చూసేది ఏమిటంటే, మిగతావాళ్లకి కనపడదు అన్న సంగతి. అంటే వాళ్లని మోసం చెయ్యొచ్చు అని. అక్కణ్ణుంచి ఏమవుతుందో నేను చెప్పను.

ఈ కథ వింటే మీకు ఎవరు గుర్తొస్తారు? నాకైతే ఊళ్లో అందరూ చందా వేసుకుని గెలిపించుకున్న నాయకుడు గుర్తొస్తాడు. ఇంట్లో అందరూ పస్తులుండి చదివించుకున్న కొడుకు కూడా గుర్తొస్తాడు. మా ఫ్రెండ్ ఒకడికి చెప్తే ‘బాసూ, ఇది మా మేనేజర్ కథ, నిన్నటిదాకా మా పక్క సీటే’ అన్నాడు. నాటికలో ఏ పార్టీ పేరూ లేదు, ఏ ఉపన్యాసమూ లేదు. ‘వందేమాతరం’ ఎక్కడ ఆగిపోయిందో ‘కళ్ళు’ అక్కడ ఆగకపోవడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం. శత్రువు సరిహద్దు అవతల లేడు. మనం చందా వేసి తయారుచేసుకున్నాం.

రేడియోలో అన్నేళ్లు చూడలేని శ్రోతల కోసం పనిచేసిన మనిషి, చూడలేని పాత్రలతో నాటిక రాశాడు. ఈ రెండింటికీ ముడి ఉందని ఆయన చెప్పారని నేను అనట్లేదు. నాకు అనిపించింది చెప్తున్నా. కానీ స్టేజీ మీద ఊహించుకోండి. ఆడేవాళ్లకి కనపడదు, చూసేవాళ్లకి మొత్తం కనపడుతుంది. చూపు వచ్చినవాడు వీళ్ల మధ్యలో తిరుగుతూ ఏం చేస్తున్నాడో ఆడియన్స్‌కి తెలుసు, పక్కన కూర్చున్న పాత్రకి తెలీదు. అరిచి చెప్పాలనిపిస్తుంది. ఒక్క రూపాయి సెట్టింగ్ లేకుండా అంత టెన్షన్.

ఈ నాటికని 1988లో అదే పేరుతో సినిమా తీశారు. దర్శకుడు ఎం.వి. రఘు. ఆయన అసలు కెమెరామన్, ‘సితార’, ‘స్వాతిముత్యం’ తీసింది ఆయన కెమెరానే. కెమెరామన్ డైరెక్టర్ అయి మొదటి సినిమాకి గుడ్డివాళ్ల కథ ఎంచుకోవడం చూడండి. శివాజీ రాజాకి అది మొదటి సినిమాల్లో ఒకటి. సంగీతం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. సిరివెన్నెల సీతారామశాస్త్రి అందులో ఒక తెల్లవారే పాట రాసి, ఆయనే పాడారు. సూర్యుణ్ణి చూడలేని వాళ్ల సినిమాలో తెల్లవారే పాట, అదీ గట్టిగా, హుషారుగా. స్టార్లు లేరు, డాన్సులు లేవు. ఇప్పుడు చూసినా కొన్ని సీన్లు కడుపులో తిప్పుతాయి. సినిమా మొత్తానికి ఎముక మాత్రం నాటికే.

సినిమాలకి ఆయన రచయితగా వెళ్లింది చాలా ముందే. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’, ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం, అక్కినేని హీరో. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ని సినిమాకి మలిచే పనిలో ఈయన ఉన్నారు. నంది అవార్డులు మొదలైన సంవత్సరమే ఆ సినిమాకి బంగారు నంది వచ్చింది. కె. విశ్వనాథ్ డైరెక్టర్‌గా చేసిన మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’కి కథ ఇచ్చిన ఇద్దరిలో ఒకరు గొల్లపూడి, ఇంకొకరు యద్దనపూడి సులోచనారాణి. ఇవన్నీ వేగంగా చెప్పేస్తున్నా, ఎందుకంటే సినిమా లిస్టు మీకు ఎక్కడైనా దొరుకుతుంది.

నటుడయింది మాత్రం నలభై దాటాక. 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’. కోడి రామకృష్ణకి దర్శకుడిగా మొదటి సినిమా, ఈయనకి నటుడిగా మొదటి సినిమా. అప్పటిదాకా తెలుగు సినిమా విలన్ అంటే గుబురు మీసం, గట్టి నవ్వు. ఈయన మెత్తగా మాట్లాడే విలన్. పక్కింటాయనలా ఉంటాడు, మర్యాదగా పలకరిస్తాడు, అందుకే భయం. అది రేడియో గొంతు అండి. అరవకుండా మనిషిలోకి దిగే గొంతు.

1987లో ‘సంసారం ఒక చదరంగం’. ఇల్లు మధ్యలో గీత గీసే సినిమా అంటే మీ ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే గుర్తుపడతారు. ఉమ్మడి కుటుంబం, డబ్బు దగ్గర పెద్దకొడుకుతో గొడవ, తండ్రి పాత్ర గొల్లపూడిది. ఇది తమిళంలో విసు రాసి తీసిన సినిమాకి తెలుగు రూపం. తమిళంలో ఆ తండ్రి పాత్ర వేసింది విసునే. విసు కూడా స్టేజీ నాటకాల నుంచి వచ్చిన రచయిత. అంటే అక్కడ ఒక నాటక రచయిత తనకోసం రాసుకున్న పాత్రని ఇక్కడ ఇంకో నాటక రచయిత వేశాడు. సినిమా మళ్లీ చూడండి, దాదాపు మొత్తం ఒక ఇంట్లోనే నడుస్తుంది. ఒకే సెట్, మాటలే ఆయుధాలు. పరిషత్తు నాటకం చూస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉండే భాగం.

ఆయనకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు శ్రీనివాస్. డైరెక్టర్ అవ్వాలని అతని కోరిక. 1992లో ‘ప్రేమపుస్తకం’ అనే సినిమా మొదలుపెట్టాడు. హీరో ఎవరో తెలుసా? అజిత్. తమిళ్ సూపర్ స్టార్ అజిత్ నేరుగా తెలుగులో చేసిన ఒకే ఒక్క సినిమా అది. అప్పటికి ఆ కుర్రాడు ఎవరికీ తెలీదు. విశాఖలో షూటింగ్ జరుగుతుండగా, 1992 ఆగస్టు 12న, ప్రమాదంలో శ్రీనివాస్ చనిపోయాడు. ఇరవైల్లో ఉన్నాడు. మొదటి సినిమా, ఇంకా పూర్తి కాలేదు.

తండ్రి ఏం చేశారంటే, ఆ సినిమాని తనే డైరెక్ట్ చేసి పూర్తి చేశారు. కొడుకు రాసుకున్న సీన్లు, కొడుకు ఎంచుకున్న హీరో. విశాఖ అంటే ఈయన చదువుకున్న ఊరు, మొదటిసారి నాటకం ఆడిన ఊరు. సినిమా 1993లో విడుదలైంది. అది మంచి సినిమానా కాదా అని నన్ను అడగకండి, నేను దాన్ని అలా చూడలేను.

తర్వాత కొన్నేళ్లకి శ్రీనివాస్ పేరు మీద ఒక జాతీయ పురస్కారం పెట్టారు. దేశంలో ఏ భాషలో అయినా సరే, మొదటి సినిమా తీసిన దర్శకుడికే ఇచ్చేవారు. ఇచ్చేది ఆగస్టు 12న, చెన్నైలో. ‘తారే జమీన్ పర్’ తీసినందుకు ఆమిర్ ఖాన్ కూడా అందుకున్నారు. కొడుకు మొదటి సినిమా దగ్గర ఆగిపోయాడు, అందుకని మొదటి సినిమా దాటినవాళ్లని ప్రతి ఏడాదీ పిలిచి శాలువా కప్పేవారు ఆ తండ్రి. ఒక తండ్రి ప్రతి ఆగస్టులోనూ అలాంటి స్టేజీ ఎక్కడం ఎలా ఉంటుందో నేను ఊహించలేకపోతున్నాను.

రాయడం మాత్రం ఆపలేదు. ‘సాయంకాలమైంది’ నవల, ‘అమ్మకడుపు చల్లగా’ అనే ఆత్మకథ, ‘జీవనకాలం’ పేరుతో కాలమ్. టీవీలో ‘వందేళ్ల కథకు వందనాలు’ అని తెలుగు కథ గురించి పెద్ద సిరీస్ చేశారు, ఒక్కో రచయితని పరిచయం చేస్తూ. అంటే డెబ్బై దాటాక కెమెరా ముందు కూర్చుని ఆయన చేసింది ఇప్పుడు మనం ఈ చానల్లో చేస్తున్న పనే, మనకంటే చాలా బాగా. అమెరికా నుంచి వచ్చే ‘కౌముది’ వెబ్ పత్రికలో ఆయన కాలమ్‌తో పాటు ఆయనే చదివిన ఆడియో కూడా ఉండేది. చేతిలో పేపరు చప్పుడు వినపడదు. రేడియో అలవాటు.

2019 డిసెంబర్ 12న చెన్నైలో పోయారు. వయసు 80. ఆరోజు టీవీల్లో స్క్రోలింగ్ ‘సీనియర్ నటుడు’ అనే వెళ్లింది. తప్పేం కాదు, రెండు వందలకు పైగా సినిమాల్లో నటించిన మనిషి. కానీ సినిమా ఫోన్‌లో ఎప్పుడైనా దొరుకుతుంది. నాటకం అలా కాదు, ఎవరో ఒకరు ఆడితేనే ఉంటుంది. స్క్రిప్టు బీరువాలో ఉన్నంతకాలం అది కాగితమే.

అందుకని మీలో కాలేజీలో ఉన్నవాళ్లకి ఒక మాట. యాన్యువల్ డేకి ప్రతిసారీ అదే స్కిట్, అవే మిమిక్రీలు వేస్తున్నాం కదా. ఒకసారి ‘కళ్ళు’ పుస్తకం సంపాదించి చదవండి. అయిదారుగురు ఆడగలిగేవాళ్లు, నాలుగు కర్రలు, చిరిగిన దుప్పట్లు చాలు. కష్టం ఒక్కటే, చూపు ఉన్నవాళ్లు చూపు లేనట్టు గంటసేపు ఉండాలి, నవ్వు రాకుండా. ముందు చీకటి గదిలో కూర్చుని డైలాగులు చెప్పుకోండి, ఎదుటివాడు ఎక్కడున్నాడో గొంతుని బట్టే పట్టుకోవాలి. వారం రోజులు అలా చేస్తే వస్తుంది. ఆడించే ముందు హక్కులు ఎవరివో కనుక్కోండి. మైక్‌లో అనౌన్స్ చేసేటప్పుడు ‘రచన: గొల్లపూడి మారుతీరావు’ అని పూర్తిగా చెప్పండి. వీడియో తీస్తే మాకు పంపండి, ఇక్కడే పెడతాం.

వచ్చే ఎపిసోడ్‌లో పార్వతీపురం వెళ్దాం. ‘హలో గురు ప్రేమకోసమే’ పాట అందరికీ వచ్చు కదా, రాసింది ఎవరో తెలుసా? గణేష్ పాత్రో. ఆయన కూడా ముందు నాటక రచయితే.